పేరు కింద పేరు

ముందే పేరు చదవకండి.
పేరుదేముంది, రెండు డబ్బాల రంగు, ఒక కుంచె.
చాలా ఓడలకి నేనే రాశాను,
నడుముకి తాడు కట్టుకుని
ఫుంషాల్ రేవుగాలికి అటూ ఇటూ ఊగుతూ.

పొగగొట్టం దగ్గర మొదలుపెట్టండి.
నిటారుగా ఉందా, వెనక్కి వాలిందా,
పక్కన రెక్కలేమన్నా మొలిచాయా.
తర్వాత పడవలు లెక్కపెట్టండి, ఒక పక్కవే చాలు.
కిటికీల వరస ఎక్కడ తెగిందో చూడండి.
తెగినచోట లోపల మెట్లుంటాయి.
మెట్లు దాచుకోవడం ఏ ఓడకీ చేతకాదు.
వెనక నుంచి తీసిన ఫోటో దొరికితే మరీ మంచిది,
మనిషిని నడకని బట్టి పోల్చుకున్నట్టు
ఓడని వెళ్ళిపోయేటప్పుడే పోల్చుకోవాలి.

ఇడలీనా తెచ్చినదాంట్లో ఇవేవీ లేవు.
కామరా ద లోబుష్ నుంచి బస్సులో వచ్చింది,
రెండు అట్టముక్కల మధ్య ఫోటో పెట్టి, రబ్బరుబ్యాండు వేసి.
వాళ్ళమ్మ ఎర్మెలిండా, కడ్డీకి ఆనుకుని,
సగం మొహం జుట్టే తినేసింది.
వెనక ఒక పడవ ముక్కు.
గుండ్రటి ప్రాణరక్షక చక్రం మీద
అమ్మ భుజం మింగగా మిగిలిన రెండక్షరాలు.
"టికెట్ కొనుక్కుని మరీ షికారుకెళ్ళింది, ఒకే ఒక్కసారి.
ఏ ఓడో చెప్పండి,
ఫోటో కింద రాయించుకుంటాను."

భూతద్దం తీశాను.
పడవని మోసే ఇనుప చెయ్యి కొంగమెడలా వంగి ఉంది.
రేకుల మీద రివెట్లు, రివెట్లు, రివెట్లు,
ఉన్నట్టుండి నున్నటి అతుకు.
అక్కడే దొరికిపోయింది.
ఎదిగే పిల్ల గౌనుకి నడుము దగ్గర గుడ్డ వేసినట్టు
నడిమికి కోసి, ముక్క చేర్చి, పొడుగు చేసిన ఓడ.
హెల్గా విండ్‌గా పుట్టింది.
పెర్లా దో ఓస్తె అయింది, అది నా చేతిరాతే.
చివర్లో ఎవరో గోల్డెన్ డాన్స్ అన్నారు,
అప్పటికే దాని మోకాళ్ళు అరిగిపోయాయి.

ఒక సంగతి చెప్తాను.
పేరు ముందు వెల్డింగుతో ఉబ్బెత్తుగా పోస్తారు, ఆపైన రంగు.
ఓడ అమ్ముడుపోయాక అక్షరాలు అరగదీయాలంటే
గ్రైండరు వాడు ఇంకో రోజు కూలి అడుగుతాడు.
యజమాని ఇవ్వడు.
పైన తెల్లరంగు కొట్టేయమంటాడు.
సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే మాత్రం
చలికి రోమాలు లేచినట్టు
పాత పేరు చర్మం మీదికి వస్తుంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను.
అప్పుడు కనిపించింది నేల.
ఆకుపచ్చ.

డబ్బిచ్చినవాళ్ళు టేకుచెక్క మీద నడుస్తారు.
ఆకుపచ్చరంగు గొలుసుకి అవతల,
వంటవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, బాయిలరు మనుషులు
పది నిమిషాలు గాలి పీల్చుకునే చోట.
ఆ రంగు రోలరుతో పూసినవాణ్ణి, నాకు తెలియదా.
ఎర్మెలిండా చేతులు చూశాను.
మోచేతుల దాకా తడి.
మణికట్టు మీద ఆవిరి కాల్చిన తెల్లమచ్చ.

భూతద్దం చాలాసేపు కిందకి దించలేదు.

"దొరకలేదా?" అంది.
దొరికిందన్నాను. మూడు పేర్లూ చెప్పాను.
కిటికీలోంచి కాసేపు రేవు చూసింది.
"నేల సంగతి చెప్పలేదేం?"

నేనేమీ అనలేదు.

"ఓడల టెర్మినల్లో పన్నెండేళ్ళు గచ్చు తుడిచాను.
టేకు ఎలా ఉంటుందో నాకూ తెలుసు.
టికెట్ మాట అమ్మది. దాని జోలికెళ్ళకండి.
పేరొక్కటి రాసివ్వండి."

ఏది రాయమంటావని అడిగాను.
మీరు రాసిందే, అంది.

అట్టముక్క బల్లమీద పెట్టి రాశాను,
పెర్లా దో ఓస్తె,
పెద్దక్షరాలు, అలవాటు పోదు,
'ఓ' దగ్గర చెయ్యి కొద్దిగా వణికింది.
నడుముకి తాడు లేదని
రాయడం అయ్యాక గానీ గుర్తురాలేదు.