రసమట్టం

రెండో అంతస్తుల సెంట్రింగ్ చెక్క జారి
కింద పడ్డ మేస్త్రిని నేను, కుర్మయ్యను.
నలభై ఐదు దినాలు కాలు కదపొద్దన్నడు డాక్టరు.
పత్తి ఏరను పొద్దుగాలనే పోతది బాలమణి.
తెలకపల్లిల, రేకుల ఇంట్ల,
నులక మంచం మీద నేను,
మంచం కింద నాలుగున్నరేండ్ల మన్విత.

"నాయినా, ఇప్పుడేం జేద్దాం?"
పొద్దున్నుంచి ఇది పదకొండోసారి.
ఫోను నాతోపాటే పడి పగిలింది.
నా పని సంచి తెమ్మన్న.
ఈడ్చుకొచ్చింది, నేలంత సిమెంటు దుమ్ము.

రసమట్టం చేతికిచ్చిన.
ఆకుపచ్చ నీళ్లల్ల ఒక బుడగ.
"ఇది నడిమిట్ల నిలవడితే సక్కగున్నట్టు."
గంతే చెప్పిన.
పీట మీద పెట్టింది, సక్కగుంది.
కడప మీద పెట్టింది, వంకరుంది
(అది నేను పెట్టిన కడపనే, ఎవరికీ చెప్పకు బిడ్డా).
మేక మీద పెట్టబోయింది, మేక ఒప్పుకోలే.
ఆఖరికి నా కడుపు మీద పెట్టి
శానసేపు చూసింది.
బుడగ పోతుంది, వస్తుంది, పోతుంది.
"నువ్వు నిలుస్తలేవు నాయినా!"
ఊపిరి బిగవట్టిన.
బుడగ ఆగింది.
"ఆఁ, ఇప్పుడు సక్కగున్నవ్. గట్లనే ఉండు."
ఎంతసేపుంటనే తల్లీ.

మర్నాడు నీళ్ల పైపు.
పసుపు కలిపిన నీళ్లు పోసి
ఒక కొస నా చేతిల, ఒక కొస తన చేతిల.
కడప దాంక పోయింది, వాకిట్లకు పోయింది,
పీట ఎక్కింది, దిగింది.
ఏడికి పోయినా రెండు దిక్కుల నీళ్లు ఒక్క ఎత్తులనే.
"నీళ్లకెట్ల తెలుసు?"
ఇరవై ఏండ్ల సంది ఈ పైపు పట్టుకొనే గోడలు లేపుతున్న.
ఏ ఇంజనీరూ అడగలే, నేనూ అడగలే.
"తెల్వది బిడ్డా" అన్న.
"నాక్కూడ!" అన్నది సంబురంగ,
మా ఇద్దరిదీ ఒకటే తరగతైనట్టు.

పల్లికాయలు కుప్ప వోసినం.
ఒక్క గింజయి ఒక దిక్కు, రెండు గింజలయి ఒక దిక్కు,
మూడు గింజలది దొరికితే ఇల్లంత లొల్లి.
పదిట్ల నాలుగు తింటే ఎన్ని?
నోరు నిండ ఉన్నది, వేళ్లు చూపెట్టింది, ఆరు.
తీసివేతంటే తినుడే అని గట్ల తెలిసింది.
కూడిక మాత్రం దానికి నచ్చలే.

అగ్గిపెట్టెల ఎర్రమట్టి కూరి ఇటుకలు జేసినం,
ముప్పై ఏడు.
ఎండకు పెడితే ఒకదాని మీద కోడి నడిచింది.
పారేస్తదనుకున్న.
"ఇది కోడి రాసిన ఇటుక" అని
గోడకు అన్నిటికన్న పైన పెట్టింది.
గోడ మూడుసార్లు కూలింది.
సందు మీద సందు పడొద్దని నేను చెప్పలే.
నాలుగోసారి దానంతటదే సగం జరిపి పెట్టింది.
అందాంక ఈ చేతులు ఎట్ల ఆగినయో
నాకే ఎరుక.

ఇగ కట్టు.
తెల్లగ, గట్టిగ, నా మోకాలు దాంక.
పలక ఎందుకు?
బొగ్గు ముక్కతోని అ, ఆ, ఇ...
'అ' పండుకున్న పిల్లి లెక్క వచ్చింది.
'ఋ' కాడ అది ఆగింది, నేను కూడ ఆగిన,
నాది మూడో తరగతి.
పొద్దుమీకి బాలమణి వచ్చి
పత్తిబుగ్గలు గీకిన వేళ్లతోనే
"ఇట్ల తిప్పాలె" అని దిద్దింది.
ఆమె ఏడు దాంక చదివిందని
పెండ్లైన పదేండ్లకు యాదికొచ్చింది నాకు.

నాగర్‌కర్నూల్ దవఖానల కట్టు కోస్తుంటె
"అయ్యో, 'ఈ' తెగుతుంది!" అని ఒర్లింది.
కంపౌండరు మిషిన్ ఆపిండు.
నా కాలు దిక్కు చూసిండు, దాని దిక్కు చూసిండు,
'ఈ' పక్కనుంచి కోసిండు.
కట్టు ముక్క బస్సుల తన ఒళ్లెనే వచ్చింది,
టికెట్టు లేకుంట.

మల్ల పనికి పోయిన తొలినాడు
గోడ కాడ సంచి తెరిస్తే గుండు లేదు.
దారం ఉన్నది.
దారం కొసకు ఒక పల్లికాయ,
మూడు ముళ్లేసి కట్టి.
జమ చేసిన మేస్త్రీలు నవ్వుతుంటె
పట్టి చూసిన.
గాలికి జరంత ఊగి
నిటారుగ నిలవడ్డది.
రెండు గింజలది.