తాలు

కాశీబుగ్గలో మా గది కింద జీడిపప్పు బట్టీ.
పైన నేనొక భాష రాస్తున్నాను,
ఇంకా పేరు పెట్టలేదు.

‘ఉంచు’ అంటే ఇక మారదు.
‘మార్చు’ అంటే మారొచ్చు.
పేరు పక్కన రెండు చుక్కలు, ఆ పక్కన రకం.
బరువు : అంకె
ఊరు : మాట
బరువులో ఊరిని పోయబోతే
నడవకముందే ఆపేస్తుంది,
ఏ గీతలో తప్పో వేలు పెట్టి చూపించి.

గుండు, బద్ద, ముక్క.
మూడు రకాలకీ మూడు దారులు వేసి
దాలమ్మకి చదివి వినిపించాను.
ఇరవై ఏళ్ల గ్రేడింగు ఆవిడది,
జీడినూనెకి నల్లబడిన వేళ్లు.

“మరి తాలుకాయో?
పగలగొడితే లోపలేటీ ఉండదు.
దానికి దారేదే గుంటా?”

ఆ రాత్రి కరెంటు పోయింది.
లాప్‌టాప్‌లో పదకొండు శాతం.
నాలుగో రకం చేర్చాను: తాలు.
అంతే, పాత గీతలు ఎర్రబడ్డాయి
పదిహేడు చోట్ల,
నిండుగానే ఉంటుందని నమ్మి
నేను చెయ్యి పెట్టిన ప్రతిచోటా.

ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాను.
ఇంకా రెండున్నాయనగా స్క్రీను ఆరిపోయింది.
కింద చాట చప్పుడు మాత్రం ఆగలేదు.
గుండేదో బద్దేదో
ఆ వేళ్లు చీకట్లోనే అడిగి తెలుసుకుంటున్నాయి.