రెండు వేళ్ల సందు

కేటలాగులో లోతు యాభై ఐదు అని ఉంది.
కేటలాగు అబద్ధమాడదు,
అడగనిది చెప్పదు, అంతే.
వెనక నీళ్ల గొట్టం నలగకుండా వంపు తిరగాలంటే నాలుగు.
ముందు తలుపుకు బిగించే చెక్క మందం రెండు.
ఆపైన గోడ.

కౌనస్‌లో, ఆ పాత సిమెంటు పలకల అపార్ట్‌మెంట్లలో
నిట్టనిలువు గోడ ఒక్కటి చూపించండి,
నా రసమట్టం మీకే ఇచ్చేస్తాను.
ఏడో అంతస్తు, ఎల్విరా గారి వంటిల్లు:
కుడిమూల గోడకు సెంటీమీటరు పొట్ట,
ఆదివారం భోజనం చేసి లేచినట్టు.

మొత్తం అరవై రెండు.
నేను గీసుకొచ్చిన అరల వరస యాభై ఎనిమిది.

"నాలుగు సెంటీమీటర్లు ముందుకొస్తుంది గిన్నెల మిషను,
చాలా ఇళ్లలో అంతేనమ్మా, ఎవరూ పట్టించుకోరు" అన్నాను.
ఆవిడ బీట్‌రూట్ చల్లచారు గిన్నె నా ముందు పెట్టి
"ఆయన్ని చూడు" అంది.

ఫెలిక్సస్ గారు గదిలోంచి వస్తున్నారు.
ఎడమ అరచెయ్యి పాత అరల అంచు మీద,
నొక్కీ నొక్కనట్టు,
పొయ్యి, సింకు, రొట్టె డబ్బా,
కిటికీ దగ్గర ఆగి కుర్చీ లాక్కున్నారు.
చూపు పోయి మూడేళ్లట.
ముప్ఫై ఒక్క ఏళ్లు ట్రాలీబస్సు నడిపిన మనిషి.

"తీగ మీద కడ్డీ జారితే ఏమవుతుందో తెలుసా నీకు?"
అడిగారు, నా వైపు కాకుండా, కాస్త పక్కకు తిరిగి.
"బస్సు ఆగిపోతుంది. నడిరోడ్డు మీద. వానలో.
దిగి, తాడు పట్టుకుని, మళ్లీ తీగ వెతుక్కోవాలి.
వెనక కార్లవాళ్లు హారన్లు."

నేను ఇన్నాళ్లూ కళ్ల కోసం అరలు చేశాను.
వెలుతురు పడితే నీడ విరగకూడదని,
ఫొటోలో గీత తిన్నగా రావాలని.

ఆ సాయంత్రం పాత కాగితం చింపేశాను.
మిషనును వెనక్కి నెట్టడానికి చోటు లేదు,
అక్కడ వేడినీళ్ల పైపు ఉంది, దాని జోలికి వెళ్లకూడదు.
అయితే మిగతావన్నీ ముందుకు రావాలి.
ఒక్కదాని కోసం వరసంతా.
గోడకూ అరలకూ మధ్య అదనంగా రెండు వేళ్ల సందు,
ఎవరూ చూడని, ఎవరూ తుడవని చీకటి,
గొట్టం ఊపిరి పీల్చుకునే చోటు.
పైన బండ అరవై కాదు, అరవై నాలుగు. ఖర్చు పెరిగింది.
నడిచే దారి తొంభై ఐదు నుంచి తొంభై ఒకటికి తగ్గింది.
ఎల్విరా గారు తన నడుం చుట్టూ చేతులు పెట్టి కొలుచుకుని
"పడతాన్లే" అంది.

ఇంకోటి నాకు తట్టలేదు,
కుర్రాడు కస్పరాస్ చెప్పాడు.
ఈ కొత్త మిషను పని అయిపోగానే
గిన్నెలు ఆరడానికి తలుపు తనే జానెడు తెరుచుకుంటుంది.
చడీచప్పుడు లేకుండా, అర్ధరాత్రయినా సరే.
మోకాలి కిందుగా, కంటికి కాదు కాలికి, ఒక గుమ్మం.
బొత్తాలు నొక్కి నొక్కి ఆ సుగుణాన్ని మాన్పించాం.
గిన్నెలు కాస్త తడిగా ఉంటాయి.
"గుడ్డ ఉంది" అంది ఆవిడ.

చివరి రోజు.
ఆఖరి మర బిగించి కళ్లు మూసుకుని నా చెయ్యి పోనిచ్చాను:
నున్నగా, చెరువులో మంచులా.
గర్వంగా ఆయన్ని పిలిచాను.

పొయ్యి. సింకు. మిషను.
దాటిపోయారు, తెలియనే లేదు.
నేను ఊపిరి వదిలాను.
మూడు అడుగులు వేసి, వెనక్కి వచ్చారు.
గోరు అంచుతో ఒకచోట గీరారు,
మిషను దగ్గర కాదు, నేను లెక్కే చెయ్యని
చెంచాల సొరుగు దగ్గర.

"ఇక్కడ" అన్నారు. "కడ్డీ జారదు.
కానీ చిన్న నిప్పురవ్వ రాలుతుంది."

వంగి చూశాను. ఏమీ కనబడలేదు.
ఫీలర్ రేకు పెట్టి కొలిచాను:
అర మిల్లీమీటరు.

స్క్రూడ్రైవరు పెట్టెలోంచి మళ్లీ తీశాను.