ఐదో ప్రతి

కబ్బన్ రోడ్డు మీద వాన అప్పుడే వెలిసింది.
ఐదు కాగితాలు, మధ్య నాలుగు కార్బన్లు
అంచులు సరిచూసి మిషన్‌లోకి తిప్పాను.
మిలటరీ కోర్టులో నా పని వినడం కాదు, కొట్టడం.
ఇరవై రెండేళ్లు అలాగే అనుకున్నాను.

ఆమె మూడు రోజులు రైల్లో వచ్చి
కంటోన్మెంటులో దిగిందట.
ఎవరిచ్చారో, ఆకుపచ్చ మిలటరీ కంబళి
భుజాల మీద.
చాలాసేపు మాట్లాడింది.
మాట్లాడుతూ చెయ్యి గాల్లోకి చాపింది,
బల్ల ఎత్తున ఒకసారి,
ఇంకొంచెం కిందికి,
ఇంకా కిందికి, దాదాపు మోకాలి దగ్గర.

'ముగ్గురు అంటోంది' అన్నాడు దుబాసీ.
ముగ్గురు, అని కొట్టాను.
ఆ చెయ్యి ఇంకా అక్కడే ఆగి ఉంది.
దానికి నా మిషన్‌లో అక్షరం లేదు.

చిరునామా దగ్గర ఊరి పేరు కొట్టాను.
ఊరు లేదని ముందు పేజీలోనే చెప్పింది గదా,
అయినా గడి ఖాళీగా వదలకూడదు.

మధ్యాహ్నమంతా తూటాల లెక్క.
ఇచ్చినవి నలభై. అప్పజెప్పినవి ఇరవై తొమ్మిది.
ఆ పదకొండు కోసం
రిజిస్టర్లు తిరగేశారు, సంతకాలు పోల్చారు,
ఒక్కోదానికీ జవాబు రాబట్టారు.
సర్కారు సొత్తు మరి.

టీ వేళ వరండాలో
హవల్దార్ ఓబులేసు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.
కాపలావాడు రెండడుగుల దూరంలో.
'అన్నా, నీ మాట మా పక్కలాగుందే. యా ఊరు?'
'పెనుకొండ దగ్గర.'
'మాది గోరంట్ల. శెనిక్కాయ పీకినారంటనా?'
గోళ్లు శుభ్రంగా కత్తిరించుకున్నాడు.
గ్లాసు పట్టుకున్న తీరు అచ్చం మా చిన్నాయనది.
'ఈసారి బాగా ఊరినాయంట' అన్నాను.
అన్నాను.
ఆ ఒక్క మాట ఇప్పటికీ గొంతు దిగదు.

ఏడేళ్లు అన్నారు. పట్టీలు ఊడదీశారు.
ఫైలు పైకి పోయింది.
గేటు దగ్గర టబేబుయా పూసింది, రాలింది,
ఊడ్చేశారు కూడా.
అప్పుడు తిరిగొచ్చింది.
ఏడు కొట్టేసి పైన రెండు,
పక్కన పొడి అక్షరాల సంతకం.
కొట్టేసింది కనబడకుండా
శుభ్రమైన ప్రతి మళ్లీ కొట్టమన్నారు.
కొట్టాను.

ఒకటి హెడ్‌క్వార్టర్స్‌కి, ఒకటి రికార్డుకి,
ఒకటి వకీలుకి,
ఒకటి ఓబులేసుకి, ముట్టినట్టు సంతకంతో.
ఐదోది మరీ పలచన, చదవడానికి రాదు,
ఎవరూ అడగలేదు.
ఆమెకి పంపమని రాసినవాళ్లు లేరు,
పంపితే తీసుకునే ఊరు లేదు.
మడిచి చొక్కా జేబులో పెట్టుకుని
హలసూరు బస్సెక్కాను.
అది నేరమే. నాకు తెలుసు.

రిటైరయి తొమ్మిదేళ్లు.
బీరువాలో చీరల కింద ఉంది,
ట్యూబులైటుకి అడ్డం పెడితే
ఒక్క 'ముగ్గురు' మాత్రం ఇంకా తెలుస్తుంది,
ఆ మాట దగ్గర గట్టిగా కొట్టినట్టున్నాను.

ఎవరైనా పలకరించి
మనవరాలు ఎంతయిందండీ అంటారు.
చెయ్యి దానంతటదే గాల్లోకి లేస్తుంది.
దించేసుకుంటాను.
మూడడుగుల రెండంగుళాలు, అంటాను.