పన్నెండో వరుస

ఖోరోగ్‌లో నది రాత్రుళ్ళు గట్టిగా మాట్లాడుతుంది.
పగలూ మాట్లాడుతుంది, బజారు గోలలో వినపడదంతే.

మా ఆఫీసు రెండో అంతస్తులో
ఒకే ఒక్క సర్వరు. మూత ఊడితే
గాడిద జీను పట్టీతో బిగించాం.
పైన కొండల్లో, హిమం కరిగి నిలిచిన చెరువులు
ఎంత నిండాయో ఎప్పటికప్పుడు దానికి చెప్పుకుంటాయి.
అది మాకు చెబుతుంది.

జూన్ పద్నాలుగు రాత్రి
తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా చెప్పింది.
ఏమీ కాలేదు. ఒక గొర్రెల దొడ్డి గోడ కొట్టుకుపోయింది.
కానీ తొమ్మిది నిమిషాలంటే
కింద ఊళ్ళో పిల్లల్ని లేపి, చెప్పులు వెతికి,
చెప్పులొద్దు పదండని అరిచి,
చంకనేసుకుని గట్టెక్కేంత సేపు.

అందుకని రాశాను, పదకొండు వరుసలు.
గొప్ప ప్రోగ్రామేం కాదు.
నిమిషానికోసారి కళ్ళు తెరిచి
ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో
మెమరీ ఎంత నిండిందో చూసి
టైము పక్కన రెండంకెలు వేసి పడుకుంటుంది.
పొయ్యి మీద పాలు పెట్టి
పక్కగదిలో ఉన్న మనిషి మాటిమాటికీ తొంగిచూసినట్టు.

ఒంటిగంటా పదమూడు: నాలుగు శాతం.
ఒంటిగంటా పద్నాలుగు: నాలుగు.
ఒంటిగంటా పదిహేను:
తొంభై ఏడు.

మూడింటికల్లా మళ్ళీ నాలుగు.
ఏడు రాత్రులూ ఇదే వరస.
ప్రాసెసర్ పరిగెత్తింది, ఆగింది, ఊపిరి తీసుకుంది.
మెమరీ మాత్రం ఎక్కిన మెట్టు దిగలేదు.
అరవై ఒకటి. అరవై మూడు. అరవై నాలుగు.
ఎవరో రోజూ వచ్చి ఏదో దాచిపెట్టి పోతున్నట్టు.

"వైరస్," అన్నాడు మా పెద్ద ఇంజనీరు కుర్బొన్షో.
ఆయనకి కరెంటు పోయినా వైరసే.

ఎనిమిదో రాత్రి బీరువా వెనక
దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.
ఒంటిగంటా పద్నాలుగుకి మెట్ల మీద అడుగులు.
గుమ్మం దగ్గర బూట్లు విప్పి
ఉప్పుటీ ఫ్లాస్కు పట్టుకుని లోపలికొచ్చాడు
వాచ్‌మన్ ముబొరక్షో.
తెర మీద చదరంగం పరిచాడు.
ఎప్పటి ఇంజనీరో వదిలేసిపోయిన ఆట,
అన్నిటికన్నా కష్టమైన మెట్టు మీద పెట్టి.

ముప్పై ఏళ్ళు ఓష్ దారిలో లారీ తోలిన చెయ్యి
బంటుని ఒక గడి జరిపింది.
ఫ్యాన్లు హోరెత్తాయి. గది వేడెక్కింది.

నేను లేచి నిలబడితే అదిరిపడలేదు.
"చూశావా సవ్సన్,
ఎంతసేపు ఆలోచిస్తోందో!
నేను వేసిన ఎత్తుకి
ఇంతసేపు ఆలోచించిన మనిషి లేడు."

వెనక ఇంకా కిటికీలు తెరిచే ఉన్నాయి. లెక్కపెట్టాను.
నలభై ఒక్క ఆటలు.
ప్రతి దాంట్లోనూ రాజు మూలకి చేరి ఉన్నాడు,
ఇంకొక్క ఎత్తు దూరంలో ఓటమి.
"మూసేస్తే ఓడినట్టే కదా," అన్నాడు, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

నేను తొమ్మిది నిమిషాల గురించి చెప్పాను.
చెప్పుల గురించి కూడా.
ఆయన చాలాసేపు నది వైపు చెవి పెట్టాడు.
తర్వాత ఒక్కొక్క ఆటా తనే మూశాడు.
నన్ను మౌస్ ముట్టుకోనివ్వలేదు.
ప్రతి ఆటకీ రాజుని ఒకసారి చూసి, ఏదో గొణిగి, మూశాడు.
డెబ్భై నాలుగు, డెబ్భై రెండు, అరవై తొమ్మిది...
తెల్లారేసరికి ఇరవై రెండు.

రిపోర్టులో పేరు రాయలేదు.
'కారణం: మూయకుండా వదిలేసిన పనులు' అని రాశాను.
అది అబద్ధం కాదు.

పదకొండు వరుసల కింద ఇంకోటి చేర్చాను:
చెరువు నోరు విప్పితే
చదరంగం నోరు మూసుకోవాలి.

రాత్రి లాగ్ ఇప్పుడే చూశాను.
ఒంటిగంటా పదిహేను: తొంభై ఏడు.
ఒంటిగంటా ముప్పై రెండు: మూడు చెరువులు ఒక్కసారే పిలిచాయి,
ఆట ఆగింది.
ఒంటిగంటా ముప్పై నాలుగు: మళ్ళీ తొంభై ఏడు.

ఆ రెండు నిమిషాలూ
తన గుర్రం ఎటు దూకాలో తేలక
టీ చల్లారబెట్టుకుంటూ ముబొరక్షో ఎలా కూర్చున్నాడో
లాగ్‌లో పడలేదు.