వంతు

కారాసూ బజారులో మాది ఇనుప పెట్టె దుకాణం.
ఒకప్పుడు ఓడ మీద సముద్రం దాటిన పెట్టె,
ఇప్పుడు కదలదు.
లోపల నేను, ఒక సోల్డరింగ్ కడ్డీ,
ఎవరెవరో వాడి వదిలేసిన కంప్యూటర్లు.

వచ్చేవాళ్లు రెండే అడుగుతారు.
ఎంత? ఎంతకిస్తావు?
బురులాయ్ మాత్రం చలికోటు గుండీలైనా విప్పకుండా
"కూర్చోడానికి స్టూలుందా, ఎర్గష్ అకా?" అంది.

జేబులోంచి పెన్ డ్రైవ్ తీసింది,
పారిపోతుందేమో అన్నట్టు దానికో ఉన్నిదారం.
"నా ప్రోగ్రామ్ ఇందులో ఉంది.
ఏ యంత్రం ఎంతసేపట్లో ఉడికిస్తుందో చూశాకే బేరం."

కంపైల్‌కి ఆమె మాట అదే, ఉడకడం.
ఇంట్లో ఉన్నదాని మీద ఇరవై రెండు నిమిషాలట.
ఒక్క అక్షరం మార్చినా
మళ్లీ ఇరవై రెండు.

మొదట అందరికీ చూపించేదే చూపించాను,
వెండి రంగుది, రెండు వేళ్లతో ఎత్తి.
ఆమె బోర్లించి మరలు చూసింది.
"ర్యామ్ బోర్డుకే అతికించేశారు.
ఎనిమిదితో పుట్టింది, ఎనిమిదితోనే పోతుంది."
నాలుగో నిమిషానికి ఒళ్లు కాలి
ఎత్తెక్కుతున్న ముసలాడిలా అడుగు తగ్గించింది అది.
పైన పటారం, లోన లొటారం.
నా సరుకుని నేనే అనుకోవాల్సి వచ్చింది.

రెండోది ఆటల కుర్రాళ్లది, మీటల కింద ఎర్ర దీపాలు.
"ఇంత గ్రాఫిక్స్ కార్డుకి నేనెందుకు డబ్బివ్వాలి?
నా ప్రోగ్రామ్‌లో ఏవీ పేలవు.
నీళ్లు పారతాయి, అంతే."

అప్పుడు చెప్పింది.
వాళ్ల ఊళ్లో పొలాలకు కాలువ నీళ్లు వంతులవారీ.
వంతు రాత్రి మూడింటికి పడుతుంది,
ఒకరు నిద్రపోతారు, ఇంకొకరు పార ఎత్తుతారు.
గేటు తెరిచే ముందు ఫోను మోగాలి, అదీ పని.
ఆ రైతుల చేతుల్లో ఉన్నవి చవక ఆండ్రాయిడ్లు,
ఆపిల్ కంప్యూటరుతో ఆమెకు పని లేదు.
ఎమ్యులేటరూ వద్దంది.
కోటు లోపలి నుంచి టేపు వేసిన పగుళ్ల ఫోనొకటి తీసి
కేబులు గుచ్చింది.
"ఇది అసలుది. ర్యామ్ తినదు."

మూడోది నేను చూపించలేదు.
గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టినదాన్ని
తనే చూసింది.
మూతపడ్డ బ్యాంకుది. నల్ల డబ్బా, పక్క పలక లేదు,
ఎత్తితే నడుం పట్టేసే బరువు.
ఎనిమిది కోర్లు. ర్యామ్‌కి నాలుగు గుంటలు, రెండు ఖాళీ.
దుమ్ము ఊది, పాత డిస్కు పీకి, ఎస్ఎస్‌డి బిగించాను.
ఖాళీలు నింపాం.
ఫ్యాను మొదలవగానే పెట్టె పైనున్న పావురాలు లేచిపోయాయి.

సగంలో కరెంటు పోయింది.
ల్యాప్‌టాప్ అయితే పోయేది కాదు, అని నేననలేదు.
చీకట్లోనే యూపీఎస్ ధర అడిగి
అరచేతిలో రాసుకుంది.

కరెంటొచ్చాక, మొదటి నుంచి.
మూడు నిమిషాల పది సెకన్లు.

నోట్లు లెక్కపెడుతుంటే ఊరుకోలేక అడిగాను,
"మిగిలిన పంతొమ్మిది నిమిషాలూ ఏం చేస్తావు?"
లెక్క ఆగింది.
ఆ ఇరవై రెండులోనే పిండి కలిపేదట,
తమ్ముడి చిరిగిన జేబులు కుట్టేదట,
కిటికీలోంచి కాలువను చూసేదట.
ప్రోగ్రామ్‌లో అతి పెద్ద తప్పు దొరికింది కూడా
యంత్రం ముందు కాదు, పిండి చేతులతో.

"పాతది నాకమ్ముతావా?"
"వద్దు" అంది, మరీ తొందరగా.
మళ్లీ మొదటి నోటు నుంచి లెక్క.

ఇద్దరం కలిసి డబ్బాను ఉల్లిపాయల బండి ఎక్కించాం.
పక్క పలక వెతికి పంపిస్తానన్నాను.
ఇంకా దొరకలేదు.
తలుపు గాలికి కొట్టుకుంటోంది.