పదకొండో అంతస్తు, సముద్రం

గురువారం బడి వదలగానే హుఫూఫ్‌లో బయల్దేరాం.
రెండు రాత్రుల సెలవు. ఐదుగురికీ ఒకటే గది,
అదనపు మంచానికి ఎనిమిది దినార్లు.

వంతెన మీద కార్లన్నీ నత్తలు.
జవాద్ స్టీరింగ్ మీద వేళ్ళతో దరువేస్తున్నాడు.
రిదాకి వాంతి.
దానాకి అలల కొలను మూసేస్తారేమోనని బెంగ.
అత్తయ్య కిటికీ అద్దం దించి
గాలిని ఒకసారి వాసన చూసి
ఏమీ అనకుండా మళ్ళీ ఎత్తేసింది.

పదిహేనేళ్ళప్పుడు పెళ్ళికూతురిగా
ఈ నీళ్ళని ఆమె పడవలో దాటింది.
పుట్టిల్లు ముహర్రఖ్.
తండ్రి కాలికి రాయి కట్టుకుని
ముత్యాల కోసం మునిగిన మనిషి.
"పోటు వస్తే సముద్రం మా గడప దాకా వచ్చి
చెప్పులెత్తుకుపోయేది" —
ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పిన కథ ఇదొక్కటే.
మిగతా మాటలన్నీ ఖర్జూరాలకి పట్టిన పురుగు గురించి,
మోకాళ్ళ గురించి.

మనామాలో మా హోటల్ పదకొండో అంతస్తు.
పెట్టెలు దించిన కుర్రాడికి చిల్లర లేక
అయిదు రియాళ్ళ నోటిచ్చాం.
ఈ నేలంతా ఒకప్పుడు నీళ్ళేనని
అతనే చెప్పాడు, నవ్వుతూ,
ఇసుక పోసి పూడ్చారని.
"అయితే ఇవాళ సముద్రంలో పడుకుంటున్నాం"
అంది అత్తయ్య,
దిండు గట్టిగా ఉందని విసుక్కుంటూనే.

శుక్రవారం పొద్దున్నే ఆమెకి పుట్టిల్లు చూడాలనిపించింది.
పిల్లలు మొహాలు ముడుచుకున్నారు.
జవాద్ ఫోన్‌లో దారి వెతికాడు,
ఫోన్‌కి ఆ ఇల్లు తెలియదు.
మసీదు మినారు ఆనవాలు పట్టుకుని
మూడు సందులు తిరిగి, నాలుగోసారి అదే సందుకొచ్చి
చివరికి ఒక కార్ల పార్కింగులో తేలాం.
సిల్హెట్ నుంచి వచ్చిన షఫీకుల్
టోపీ సర్దుకుంటూ చీటీ చింపాడు:
మూడొందల ఫిల్సులు.

అత్తయ్య దిగింది.
తెల్లగీతలు దాటుకుంటూ వెళ్ళి
ఒక బూడిదరంగు నిస్సాన్ పక్కన ఆగి
"ఇక్కడ మోకాళ్ళ లోతు" అంది.
ఇంకో పది అడుగులు. "ఇక్కడ నడుము దాకా."
ఏడుస్తుందేమోనని నేను రుమాలు తీశాను.
"మంచి పని చేశారు" అంది,
"తడవకుండా నడవొచ్చు.
మా అమ్మ చచ్చేదాకా కాళ్ళు పాచి మరకలే."
షఫీకుల్‌కి ఏమర్థమైందో,
డబ్బులు వెనక్కివ్వబోయాడు.
ఆమె తీసుకోలేదు.
మా నీళ్ళకి మేమే అద్దె కట్టి వచ్చేశాం.

సాయంత్రం అలల కొలను.
గంట మోగితే అలలు వస్తాయి,
పది నిమిషాలు ఎగిరి
మళ్ళీ గంటకి బుద్ధిగా పడుకుంటాయి.
నల్ల అబాయా అంచు పైకి పట్టుకుని
అత్తయ్య ఒక్క వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
"ఉప్పు మరిచిపోయారు" అంది,
నా వంటకి అన్నట్టే.

రాత్రి నిద్రపట్టక లేచి చూస్తే
బాత్రూంలో దీపం.
టబ్బులో దానా, బట్టల్తోనే, తల దాకా మునిగి.
మణికట్టుకి హోటల్ వాళ్ళ స్నానపు అంగీ బెల్టు.
రెండో కొస పట్టుకుని
కమోడ్ మూత మీద అత్తయ్య.
పెదాలు కదులుతున్నాయి:
ఇరవై ఆరు, ఇరవై ఏడు...
"తాడు కదిలితే లాగాలి" అంది నా వైపు చూడకుండా.
"ఆలస్యమైతే లాగేవాడిదే పాపం."

దానా అంటే పెద్ద ముత్యం.
పేరు పెట్టింది ఈవిడే.
మాకప్పుడు ఇంకేదో పేరు నచ్చింది.
ఇప్పుడు గుర్తు కూడా లేదు.

బెల్టు కదిలింది.
డెబ్భై అయిదేళ్ళ చేతులు
ఎంత ఒడుపుగా లాగాయో!

శనివారం తిరుగు ప్రయాణం.
మళ్ళీ అదే వంతెన, అవే నత్తలు.
రిదా ఈసారి నిద్రపోయాడు.
కస్టమ్స్ అధికారి వంగి లోపలికి చూశాడు:
"చెప్పాల్సినవి ఏమైనా ఉన్నాయా?"
"హల్వా" అన్నాడు జవాద్. "అయిదు డబ్బాలు."
"పాప అలా ఉందేంటి?"
వెనక సీట్లో దానా
బుగ్గలు పూరించి, కళ్ళు మూసుకుని,
మొహమంతా ఎర్రగా.
పక్కన అత్తయ్య, ఆమె మోకాలి మీద వేలితో:
నలభై, నలభై ఒకటి,
ఎవరూ మాట్లాడొద్దు,
నలభై రెండు